పాఠంలో లేని మూడు పెట్టెలు

జెండా మారిన మరుసటి ఏడు బడులు తెరిచేనాటికి కొత్త చరిత్ర ఇంకా అచ్చు కాలేదు. పాతది చెప్పడానికి వీల్లేదు. ఏం చెయ్యాలో పాలుపోక పైవాళ్లు ఒక సర్క్యులర్ పంపించారు. ఏడో తరగతి పుస్తకంలో నలభై ఒకటో పేజీ మొదలు నూట ఆరో పేజీ వరకు తెల్లకాగితం అంటించి, మిగిలినది బోధించవలసింది అని దాని సారాంశం. మిగిలినది అంటే ఒక ముందుమాట, నాలుగు పటాలు, చివర తప్పొప్పుల పట్టిక.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. స్టేషన్ రోడ్డు మీది సర్కారు బళ్లో చరిత్ర చెప్పేదాన్ని. వాన వదలకుండా కురిసిన ఆ మొదటి వారమంతా పాఠాల ఊసు లేదు, కాగితాలు అంటించడమే పని. గది మధ్యలో బకెట్టు నిండా పిండి జిగురు, చుట్టూ నలభై ముగ్గురు పిల్లలు, మోచేతుల దాకా జిగురు. దొరల రాజులు, రాణులు, వాళ్ల యుద్ధాలు, వాళ్లు వేయించిన రోడ్లు ఒక్కొక్కటీ కాగితం కిందికి పోతున్నాయి.

"టీచర్, ఈ రాజుగారి ముక్కు ఇంకా కనపడుతోంది" అని ఒకడు అరిచాడు.

"ఇంకో పొర వెయ్యరా."

"రెండు వేశాను టీచర్. అయినా పైకి వస్తోంది."

గది గదంతా విరగబడి నవ్వింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న హెడ్మాస్టరుగారు కూడా నవ్వారు. "ముప్పై ఏళ్లు వీళ్ల తేదీలన్నీ బట్టీ పట్టించానమ్మా. ఆ బకెట్టులో కాస్త మిగిల్చితే నా బుర్రకి కూడా అంటించుకుంటాను" అన్నారు. ఆ చెమ్మకి పుస్తకాలు ఉబ్బిపోయి, మూస్తే మూతపడేవి కావు. నాకు మాత్రం ఆ వారమంతా ఒంట్లో ఏదో హుషారు. మన చరిత్ర మనం చెప్పుకోబోతున్నామని నిజంగా అనుకున్నాను.

మా ఇంట్లో నలుగురం. అన్నయ్య, వదిన, వాళ్ల కూతురు, నేను. ఆ పిల్లని మేం పిచ్చిక అనేవాళ్లం, పొద్దున లేచింది మొదలు నోటికి మూత ఉండేది కాదు. అది నా తరగతిలోనే చదివేది. అన్నయ్య రైల్వేలో సిగ్నల్ క్యాబిన్ మనిషి. దొరల కాలం చివర్లో జరిగిన పెద్ద సమ్మెలో ఉద్యోగం పోయింది, రెండేళ్లు జైల్లో పెట్టారు. జెండా మారాక అందరితోపాటు వదిలేశారు. వచ్చినరోజు ఊరంతా స్టేషన్‌కి కదిలింది. భుజాల మీద ఎక్కించుకుంటామంటే వద్దని, వెనకదారిన నడిచి ఇంటికి వచ్చేశాడు. "జైలు కూడు బాగా వంటబట్టినట్టుంది, జనాన్ని చూస్తే జడుస్తున్నాడు" అని వదిన నవ్వుతూ అంది. నేనూ అంతే అనుకున్నాను.

సమ్మెలో పోయిన ఉద్యోగాలు కొత్త సర్కారు తిరిగి ఇస్తోంది. మా ఊళ్లో అప్పటికే పద్దెనిమిది మంది మళ్లీ పనిలో చేరారు. అన్నయ్య దరఖాస్తు పరిశీలనలో ఉందన్నారు. ఈలోగా వరండాలో కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. విరిగిన పుల్లలు, చిరిగిన గుడ్డలు, పట్టకారు, తీగచుట్ట. వానాకాలం కదా, చేతినిండా పని. ఊళ్లో సగం గొడుగులు మా వరండాలోనే తలకిందులుగా వేలాడేవి.

బడి తెరిచిన ఆరో వారంలో కొత్త పుస్తకాలు వచ్చాయి. కట్ట విప్పగానే గదంతా సిరా వాసన. పిల్లలకి పంచి, ఒకటి నేను సంచిలో వేసుకుని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను, ఎందుకంటే విషయసూచికలో పదకొండో పాఠం మా ఊరి సమ్మె.

"అన్నయ్యా! మన ఊరు పుస్తకంలో పడింది!"

వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి, వేదిక మీద చదివినట్టు గొంతు పెంచి చదివాను. వదిన కూరగాయల పళ్లెంతో వచ్చి గడప మీద కూర్చుంది. పిచ్చిక నా భుజం మీంచి తొంగిచూస్తోంది.

"సైనికుల రైలు పట్టణంలోకి రాకుండా నిలువరించుటకై సమ్మె వీరులు సాహసోపేతమైన పథకం రచించారు. కాని ఒక సిగ్నల్ ఉద్యోగి చేసిన ద్రోహం వల్ల ఆ పథకం విఫలమైంది. సైనికులు యార్డులో ప్రవేశించి కాల్పులు జరిపారు. తొమ్మిది మంది వీరులు నేలకొరిగారు."

చదవడం ఆపి అడిగాను. "ఎవరన్నయ్యా ఆ సిగ్నల్ వాడు?"

నిజంగా తెలియకే అడిగాను. మాట నోరు దాటాక లెక్క గుర్తొచ్చింది. మా యార్డు క్యాబిన్‌లో ఇద్దరే మనుషులు. ఒక ముసలాయన సమ్మె నెలంతా జ్వరంతో మంచంలో ఉండి, ఆ మంచంలోనే పోయాడు. రెండోవాడు మా అన్నయ్య.

అన్నయ్య చేతిలో ఉన్న గొడుగుని మెల్లగా మూశాడు. వదిన తల ఎత్తలేదు. చేతిలో కత్తి మాత్రం ఆగిపోయింది.

"పిచ్చికా, నువ్వు లోపలికి వెళ్లు" అన్నాడు.

అది వెళ్లింది. తలుపు వెనకే నిలబడిందని మా అందరికీ తెలుసు.

"నేనేలే" అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. సమ్మెవాళ్లు వంతెన మీద పట్టాలు విప్పేశారు. సిగ్నల్ కిందికి దించే ఉంచమని అన్నయ్యకి సమ్మె కమిటీ ఆజ్ఞ. దారి బాగుందనుకుని బండి అదే వేగంతో వచ్చి ఏట్లో పడాలి.

"నేను సరేనన్నాను. అబద్ధం ఎందుకు, సరేనన్నాను. లోపల ఉన్నది సిపాయిలే కదా అనుకున్నా. బండి బయల్దేరాక అవతలి స్టేషన్ మాస్టరు క్యాబిన్‌కి ఫోన్ చేశాడు. ముందు ఆరు పెట్టెలు సిపాయిలు, వెనక మూడు పెట్టెల నిండా మామూలు జనం, ఆడవాళ్లూ పిల్లలూనూ, కావాలనే తగిలించారు అని చెప్పాడు. మనవాళ్లు చెయ్యి చేసుకోరని దొరల ధైర్యం."

"కమిటీకి చెప్పలేదా?"

"గూడ్స్ గుమాస్తాకి కబురు పంపాను. ఆ రోజు ఆజ్ఞలన్నీ అతనివే. 'రానివ్వు' అని ఒక చీటీ ముక్క వచ్చింది."

"మరి నువ్వు?"

"చెయ్యి ఎత్తేశాను." సిగ్నల్ చెయ్యి పైకి లేస్తే బండి ఆగాలి. అది చెబుతూ తనకి తెలియకుండానే తన కుడిచెయ్యి భుజం దాకా ఎత్తాడు. "బండి వంతెన అవతల ఆగింది. సిపాయిలు దిగి నడిచి వచ్చారు. నడిచి రావడానికి ఎంతసేపు, అరగంట. ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు."

"ఎవరికీ చెప్పలేదేం అన్నయ్యా ఇన్నాళ్లూ?"

"తొమ్మిది మంది పోయాక ఏమని చెప్పను? మూడు పెట్టెల జనం బతికారని చెప్పనా? వాళ్లకి తెలియదు కూడా. బండి ఎందుకాగిందో అని విసుక్కుని ఉంటారు."

వదినకి ముందే తెలుసు. అది నాకు ఆమె కూరగాయలు మళ్లీ తరగడం మొదలుపెట్టిన తీరులో అర్థమైంది.

ఆ వారంలోనే సెలవు పెట్టి రాజధానికి బయల్దేరాను. పాఠ్యపుస్తక సంఘంలో ఆ పాఠం రాసిన సభ్యుడెవరో పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. మా గూడ్స్ గుమాస్తానే. సమ్మెకి ముందు మా వరండాలో కూర్చుని అన్నయ్యతో చదరంగం ఆడేవాడు. నేనూ ఆయన్ని అన్నయ్యా అనే పిలిచేదాన్ని. ఆ ఆఫీసులో ఎత్తైన బల్ల వెనక, పుస్తకాల కట్టల మధ్య కూర్చున్న మనిషిని చూసేసరికి ఆ పిలుపు నోటికి రాలేదు. "నమస్కారమండీ" అన్నాను.

"రా చెల్లెమ్మా, రా. తడిసిపోయావే. టీ తెప్పించనా?"

"టీ వద్దండీ. పదకొండో పాఠంలో ఒక్క వాక్యం వేయించండి చాలు."

ఏ వాక్యమో ఆయన అడగలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"రైలు వెనక మూడు పెట్టెల నిండా మామూలు జనం ఉన్నారు. అంతే. ద్రోహం అన్న మాట కూడా తీయమనను. ఆ ఒక్క ముక్క పక్కన వేస్తే పిల్లలే ఆలోచించుకుంటారు."

"అదేనమ్మా చిక్కు. ఆలోచిస్తే, అంతమంది ఉన్న బండిని పడగొట్టమన్నది ఎవరని అడుగుతారు."

"అడగనివ్వండి."

"అడగడం ఏడో తరగతికి లేదు" అన్నాడు. హాస్యానికి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. నవ్వు మాత్రం లేదు. "కొత్తగా పుట్టిన దేశం చెల్లెమ్మా. పసిపిల్లకి మొదటిరోజే కషాయం పడతామా? ముందు పాలు పట్టాలి. పెద్దయ్యాక అన్నీ అదే తెలుసుకుంటుంది."

"మా ఇంట్లో పసిపిల్ల ఈ పుస్తకమే చదువుతోందండీ."

ఆయన కాసేపు కట్టల మీది దారం సవరించాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "పేరు వెయ్యమన్నారు తెలుసా? పూర్తిపేరు, తండ్రి పేరుతో సహా. నేనే పట్టుబట్టి తీయించాను. నీ అన్నకి నేను చెయ్యగలిగింది అది."

"ఊళ్లో సిగ్నల్ మనుషులు ఉన్నది ఇద్దరే. అందులో ఒకాయన పోయాడు. పేరు లేకపోతే మాత్రం ఎవరికి తెలియదు?"

"లక్ష ప్రతులు అచ్చయిపోయాయమ్మా" అన్నాడు. అక్కడితో లేచి నిలబడ్డాడు. గుమ్మం దాకా వచ్చి, నా గొడుగు విప్పి చేతికిచ్చి, "వాడు ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. అడిగి, జవాబు వినకుండానే లోపలికి తిరిగిపోయాడు.

నేను తిరిగొచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. పుస్తకాలు ఇళ్లకి చేరాయి, పెద్దవాళ్లు చదివారు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. గొడుగులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్లిపోయాయి. ఎవరూ గొడవ చెయ్యలేదు, నోరు పారేసుకోలేదు. "మా గొడుగు ఇచ్చెయ్యండి, తర్వాత చూద్దాం" అనేవాళ్లు. సగం కుట్టినవి, పుల్ల లేనివి కూడా అలాగే పట్టుకుపోయారు. వానలో, చిరిగిన గొడుగులు వేసుకుని.

ఒక్క గొడుగు మిగిలింది. అది ఫిట్టర్ భార్యది. ఫిట్టర్ ఆ తొమ్మిది మందిలో ఒకడు. ఆయన కూతురు కూడా నా తరగతే, ముందు బెంచీ. ఆదివారం పొద్దున తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. కూతురు మెట్టు మీద నిలబడిపోయింది. తల్లి పైకి వచ్చి, వదిన వేసిన పీట మీద కూర్చుంది. వాళ్లాయనకి మా అన్నయ్య చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఆవిడ అన్నయ్యని పేరుపెట్టి పిలవదు, ఇంట్లో మనిషిలా "ఏమయ్యా" అనేది.

"ఏమయ్యా, పుస్తకంలో ఉన్నది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"నువ్వేనా?"

"నేనే."

"బండిలో జనం ఉన్నారటగా? టీచరమ్మ రాజధాని వెళ్లి అడిగొచ్చిందటగా?" ఈ సంగతి ఊరికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు.

"ఉన్నారు. మూడు పెట్టెలు."

"ఎంతమంది ఉంటారు?"

"లెక్క తెలియదు. రెండు వందల పైనే ఉండొచ్చు."

ఆవిడ తలూపింది. ఒళ్లో చేతులు పెట్టుకుని, వాన వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"రెండు వందల మంది. చిన్న సంగతేం కాదు" అంది చివరికి. "నువ్వు చేసింది తప్పని నేను అననయ్యా. ఎవరైనా అదే చేస్తారేమో. కానీ నాకు ఉన్నవాడు ఒక్కడే కదయ్యా."

అన్నయ్య తల దించుకున్నాడు. ఆవిడ లేచి, కొక్కేనికి వేలాడుతున్న తన గొడుగు తానే తీసుకుంది. అది బాగైపోయింది. డబ్బు ఇవ్వబోతే అన్నయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ బలవంతపెట్టలేదు. మెట్టు దిగుతుంటే ఫిట్టర్ కూతురు మా అన్నయ్య వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడగాలని ఉన్నట్టుంది.

నాలుగు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొత్త చరిత్ర ఎలా చెబుతున్నారో చూసిపోవడానికి. మా ఊరి పాఠం కాబట్టి ఆ రోజు పదకొండోదే చెప్పాలని ముందే కబురు వచ్చింది. ఎగ్గొట్టే దారి లేదు. ఉన్నా ఎగ్గొట్టాలని లేదు. ఆ ఒక్క వాక్యం నాలుగు రోజులుగా నోట్లో నానుతూ ఉంది. వెనక మూడు పెట్టెల నిండా మామూలు జనం ఉన్నారు పిల్లలూ. ఇంతే కదా. దీనికి ఎవరి అనుమతి కావాలి?

పొద్దున బయల్దేరుతుంటే వదిన గుమ్మం దాకా వచ్చింది.

"నువ్వేం చెప్పాలనుకుంటున్నావో నాకు తెలుసు."

"చెప్పొద్దంటావా వదినా?"

"నేనెందుకంటాను? నా మొగుడి గురించి మంచిమాట చెబితే నాకు చేదా?" నా జడ చివర ముడి ఊడితే సరిచేస్తూ అంది. "ఆయన పని లేనట్టే. ఇంట్లో పొయ్యి వెలిగేది నీ ఒక్కదాని మీద. అది గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత నీ ఇష్టం."

ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. పొట్టి మనిషి. మోకాళ్ల మీద ఒక నోటుబుక్కు, జేబులో రెండు పెన్నులు. హెడ్మాస్టరుగారు గుమ్మం పక్కన నిలబడ్డారు. పిచ్చిక మూడో బెంచీలో, బల్ల మీది పగులు వెంట వేలు నడిపిస్తూ కూర్చుంది.

నేను చదివాను. పథకం దాకా వచ్చాను. ద్రోహం దాకా వచ్చాను. అక్కడ ఆగాను. ఊపిరి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ముందు బెంచీలో ఫిట్టర్ కూతురు లేచి నిలబడింది.

"టీచర్, ఆ సిగ్నల్ ఆయన ఎందుకలా చేశాడు?"

దానికి తెలుసు. మెట్టు మీద నిలబడి అన్నీ విన్న పిల్ల. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, నాకు తలుపు తీసి పట్టుకుంది. నేను అడుగు వేస్తే చాలు.

వెనక బెంచీలో ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు.

"పుస్తకంలో లేదమ్మా. కూర్చో" అన్నాను.

"మంచి జవాబు" అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనకనుంచి. "చూడండి పిల్లలూ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుకోవాలి. లేనిపోని సందేహాలు పెట్టుకోకూడదు."

ఫిట్టర్ కూతురు కూర్చుంది. నేను పాఠం పూర్తిచేశాను. నల్లబల్ల మీద తొమ్మిది మంది పేర్లు రాసి, పిల్లల చేత రాయించాను. సాయంత్రం హెడ్మాస్టరుగారు పిలిచి, ఇన్‌స్పెక్టరు నా గురించి చాలా బాగా రాశాడని చెప్పారు. చెబుతూ నా ముఖం చూడలేదు, కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. పిచ్చిక చెప్పే ఉంటుంది. ఆ రోజు నుంచి అది బడికి నాతో కలిసి రావడం మానేసింది. పది అడుగులు వెనక నడిచేది. నేను ఆగితే తనూ ఆగేది. పిచ్చిక అన్న పేరు దానికి నప్పడం మానేసింది.

అర్ధసంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకరోజు సాయంత్రం బడినుంచి వచ్చి వరండాలో కాళ్లు కడుక్కుంటుంటే లోపల అన్నయ్య గొంతు వినిపించింది.

"సమ్మె విఫలమగుటకు కారణమేమి?"

"సైనికుల రైలును ఆపుటకు సమ్మె వీరులు వేసిన పథకము..." పిచ్చిక గొంతు.

"ఊఁ."

"పథకము... ఒక సిగ్నల్ ఉద్యోగి చేసిన..."

"ఊఁ, చేసిన?"

"ద్రోహం వల్ల" అని అందించాడు అన్నయ్య. "ద్రోహం వల్ల విఫలమైంది. మళ్లీ మొదట్నుంచి చెప్పు."

నేను తడికాళ్లతోనే గుమ్మంలో నిలబడ్డాను. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు, పుస్తకం ఒళ్లో ఉంది. పిచ్చిక ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుని ఉంది, బళ్లో నిలబడ్డట్టు.

"అన్నయ్యా, ఏంటిది?"

"పరీక్షలో వస్తుందిగా. నాలుగు మార్కుల ప్రశ్న."

"ఆ ఒక్కటి వదిలేస్తే పోయేదేముంది? మిగతావి రాస్తే చాలదా?"

"వదిలేస్తే ఎందుకు వదిలేసిందో అందరికీ తెలుస్తుంది. రాస్తే అందరిలో ఒకత్తి అవుతుంది." కూతురి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఈసారి ఆగకుండా చెప్పు."

ఆగకుండా చెప్పింది. అన్నయ్య తలూపాడు. "అంతే. కష్టమేం లేదు చూశావా" అన్నాడు.

ప్రశ్నపత్రం జిల్లా నుంచి అచ్చై వచ్చింది. ఆ ప్రశ్న ఉంది. నలభై మూడు జవాబు పత్రాలు ఇంటికి తెచ్చుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని దిద్దాను. ఆ ప్రశ్నకి నలభై రెండు పత్రాల్లో ఒకటే వాక్యం. కొందరు ద్రోహంలో ఒత్తు మర్చిపోయారు, వాళ్లకి అరమార్కు తీసేశాను. పిచ్చిక గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. నాలుగుకి నాలుగు వేశాను.

ఫిట్టర్ కూతురు ప్రశ్న నంబరు వేసి, కింద నాలుగు గీతల చోటు ఖాళీగా వదిలి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. ఆ ఖాళీని చాలాసేపు చూశాను. అక్కడ సున్నా వేసి, సంతకం పెట్టి, కట్ట కట్టాను.

వానలు వెనకపడుతున్న రోజుల్లో అన్నయ్య దరఖాస్తుకి జవాబు వచ్చింది. అరఠావు కాగితం. దరఖాస్తు పరిశీలించి నిరాకరించడమైనది అని ఉంది. కింద కారణం అన్న చోట ఎవరో చేత్తో రాశారు: ఏడవ తరగతి చరిత్ర, పుట డెబ్బై రెండు చూడుడు.

వదిన అది నా చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు వినలేక నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. అన్నయ్య కాగితాన్ని మడతల ప్రకారం మడిచి, పట్టకారు పెట్టుకునే డబ్బాలో పెట్టాడు.

వాళ్లు వెళ్లిపోదామనుకున్నారు. వదిన అన్నగారు దక్షిణాన, రెండు రోజుల ప్రయాణం దూరంలో, ఏదో మిల్లులో గేటు కాపలా. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. నన్ను రమ్మని వదిన మాటవరసకి కూడా అనలేదు. అనకపోవడం న్యాయమే. బదిలీ అడుగుతానన్నాను. "నువ్వు ఇక్కడే ఉండు. నెలనెలా ఎంతో కొంత పంపు. అది చాలు" అంది. కసిగా అనలేదు, లెక్క తేల్చినట్టు అంది.

రైల్లో వెళ్లలేదు, బస్సెక్కారు. ట్రంకుపెట్టె పైన కట్టించి, అన్నయ్య కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడి, కండక్టరు టికెట్లు కొట్టడం చూశాం.

"అన్నయ్యా, ఆ రోజు ఇన్‌స్పెక్టరు ముందు నేను..."

"తెలుసులే" అన్నాడు.

"ఒక్క మాట. నోటిదాకా వచ్చింది."

"నాకూ అంతే. జైల్లో రెండేళ్లు సమ్మెవాళ్లతోనే ఉన్నాను, ఒకే గదిలో. రోజూ నోటిదాకా వచ్చేది." నా తల మీద చెయ్యి పెట్టాడు, చిన్నప్పుడు పెట్టినట్టు. "నిన్ను అనడానికి నాకు నోరెక్కడిది?"

తిట్టి ఉంటే బాగుండేది.

పిచ్చిక కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే నేను చెయ్యి ఊపాను. అది తల అటు తిప్పుకోలేదు, అలాగని చెయ్యీ ఊపలేదు.

నెల తిరిగేసరికి దాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వదిన చెబితే రాసినట్టుంది. మొదటి నాలుగు వాక్యాలు క్షేమసమాచారాలు. ఇక్కడ వానలు తక్కువ, గొడుగు పని లేదు, నాన్న మిల్లులో బస్తాలు మోస్తున్నాడు అని ఉంది. చివర రెండు వాక్యాలు మాత్రం అది సొంతంగా రాసింది.

"ఇక్కడ కూడా అదే పుస్తకం అత్తా. పదకొండో పాఠం నాకు ముందే వచ్చు కాబట్టి టీచరు నా చేత తరగతి అందరికీ చెప్పించింది, మీది ఏ ఊరని అడిగితే వేరే ఊరి పేరు చెప్పాను."

ఆ తర్వాత అది నాకు ఉత్తరం రాయలేదు. అన్నయ్య ఆ మిల్లులోనే మూడేళ్లు పనిచేసి పోయాడు. కబురు అందేసరికి పది రోజులు దాటింది. గూడ్స్ గుమాస్తా మంత్రి అయ్యాడు. ఫిట్టర్ కూతురు ఏడో తరగతితో చదువు మానేసి కుట్టుపనిలో చేరింది. దారిలో కనపడితే నమస్కారం టీచర్ అనేది, ఆగేది కాదు.

ఆ పుస్తకం పంతొమ్మిదేళ్లు నడిచింది. మధ్యలో అట్ట రంగు రెండుసార్లు మార్చారు, బొమ్మలు వేశారు, పదకొండో పాఠం తొమ్మిదో పాఠమైంది. ప్రతి ఏడూ వానల్లో దాని వంతు వచ్చేది. ఆ చోట ఆగి, ఊపిరి తీసుకునేదాన్ని. ఎందుకలా చేశాడని మళ్లీ ఏ పిల్లా లేచి అడగలేదు. పంతొమ్మిదిసార్లూ పాఠం పూర్తిచేశాను.